బావను ఎండలో నిలబెట్టిన కథ

ఇది ఒక మహా ప్రతీకార గాథ. ఇందులో అవమానం ఉంది, శపథం ఉంది, సముద్రం దాటడం ఉంది. కాస్త తగ్గించి చెప్పాలంటే, మా బావ నా కోసం రాయపూర్ విమానాశ్రయం బయట కొన్ని గంటలు నిలబడాలని నేను రెండేళ్ళు కోరుకున్నాను. అంతే. సముద్రం మాత్రం నిజంగానే దాటాను. కిటికీ సీటు దొరకలేదు.

బావంటే మా అక్క మొగుడు. మా భిలాయ్‌లోనే వైశాలి నగర్‌లో రంగుల దుకాణం. రంగుల కంపెనీ వాళ్ళు ఒకసారి డీలర్లందర్నీ బ్యాంకాక్ తిప్పి తీసుకొచ్చారు. తిరిగొచ్చే రోజు బావను తీసుకురమ్మని మా ఇంట్లో నాకు కారిచ్చి రాయపూర్ పంపారు. రాయపూర్‌కి విదేశాల నుంచి నేరుగా విమానం లేదు. ముందు వేరే పెద్ద ఊళ్ళో దిగి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, ఇంకో విమానం ఎక్కి రావాలి. ఆ ముద్ర లైన్లో ఇరుక్కున్న బావ పొద్దున్న విమానం పోగొట్టుకుని సాయంత్రం దాంట్లో వచ్చాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఫోన్లో చార్జింగ్ లేదట.

అవి నౌతపా రోజులు. ఏటా మే చివర్లో ఆ తొమ్మిది రోజులూ ఛత్తీస్‌గఢ్‌లో సూర్యుడు ఓవర్‌టైమ్ చేస్తాడు. మా నాన్న ఉద్యోగమంతా భిలాయ్ ఉక్కు ప్లాంటులో, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర గడిచింది. ఆ వేడి ఎలా ఉంటుందో నేను ఒక్క రోజులో కారులో కూర్చుని తెలుసుకున్నాను. చివరికి మొహం కడుక్కుందామని ఇలా వెళ్ళానో లేదో, బావ అలా బయటికొచ్చాడు.

రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ.

"దిక్కులేనోడి లాగ నిలబడిపోనాను అత్తయ్యా. అటు చూస్తే ఎవులూ లేరు, ఇటు చూస్తే ఎవులూ లేరు."

"ఎంతసేపు బావా?"

"సేపు కాదురా. ఫీలింగ్."

నాన్న కంచంలోంచి తలెత్తాడు. "రిలీవర్ రాకుండా పోస్టు వదిలీడమేటిరా?"

ప్లాంటులో తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి నిలబడేదాకా మన చోటు వదిలి కదలకూడదు. ఆ వచ్చే మనిషే రిలీవర్. మాలాగా మరోదా అనే పేటలో ప్లాంటు క్వార్టర్లలో పెరిగిన వాళ్ళకి ఇంతకు మించిన నేరం లేదు. ఆ రోజు నుంచి ఇంట్లో నాకు పని చెప్పడం మానేశారు. గ్యాస్ బండ తేవాలన్నా, చుట్టాలను స్టేషన్లో దింపాలన్నా ఒకటే మాట: "ఆడికొద్దు, మధ్యలో ఒదిలీసి ఎల్లిపోతాడు." పని తప్పినందుకు సంతోషించాలి నిజానికి. కానీ అమ్మ ఆ మాటను పక్కింటివాళ్ళ ముందు కూడా అనడం మొదలుపెట్టాక కక్ష పుట్టింది. శపథం చేసేవాళ్ళు జుట్టు విరబోసుకోవాలంటారు. నాది క్రాఫు కాబట్టి మనసులోనే చేశాను.

రెండేళ్ళకు మా ఆఫీసు నన్ను మెషిన్ ట్రైనింగ్‌కి మలేషియా పంపింది. బయల్దేరే ముందు అందరూ వింటుండగా, "వచ్చేటప్పుడు బావొస్తే బాగుంటుంది" అన్నాను.

బావ కరిగిపోయాడు. "నానొస్తాన్రా బామ్మర్దీ. నీలాగ ఒగ్గీసి ఎల్లిపోయే టైపు కాదు."

నేను నవ్వాను. అద్దం ముందు సాధన చేసిన నవ్వే అది.

పథకం చిన్నది. ముద్ర లైన్లో వీలైనంత వెనకబడాలి, పొద్దున్న విమానం పోగొట్టుకోవాలి, ఫోన్ కట్టేయాలి. అతను నాకు చేసిందే, పొల్లు పోకుండా. తిరుగు ప్రయాణంలో ఆ పెద్ద ఊళ్ళో దిగగానే ఫోన్ కట్టేసి పని మొదలుపెట్టాను. నా వెనక పెద్ద మీసాలాయన, మా పక్కూరు దుర్గ్‌లో బట్టల కొట్టట, నేనెక్కాల్సిన రాయపూర్ విమానమే ఎక్కాలట. "భయ్యా, ఆప్ జాయియే" అని దారిచ్చాను. ఆయన నన్ను అనుమానంగా చూసి, జేబు తడుముకుని, ముందుకెళ్ళాడు. తర్వాత చంటిపిల్లల తల్లి. తర్వాత ఒక పెళ్ళి బృందం మొత్తం.

మా భిలాయ్ గ్యాస్ లైన్లో ఖాళీ సిలిండర్ కూడా తన చోటు ఇంకొకరికివ్వదు. బుద్ధున్నవాడెవడూ లైన్లో వెనక్కి నడవడు. అది ఒక అధికారికీ తోచినట్టుంది.

"ఎందుకు వెనక్కి పోతున్నావు?" అన్నాడు హిందీలో.

బావ కోసమని చెప్పలేను కదా. "సంస్కారం, సార్."

పక్కగదిలో కూర్చోబెట్టారు. పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు కూడా చదివారు.

"నిన్ను తీసుకెళ్ళడానికి ఎవరొస్తున్నారు?"

"మా జీజాజీ" అన్నాను. హిందీలో అక్క మొగుణ్ణి అలాగే అంటారు.

"ఎలాంటి మనిషి?"

దేవుడు అలాంటి ప్రశ్న మనిషికి ఒక్కసారే వేయిస్తాడు. నేను కాస్త నీళ్ళు నమిలితే చాలు, బావ దుకాణం ముందు జీపు ఆగేది. ఊహలో ఆగింది కూడా. జీపు వెనకే అక్క కనబడింది.

"మంచోడు సార్" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన రెండో అబద్ధం అది.

వదిలేసరికి పొద్దున్న విమానం వెళ్ళిపోయింది. సాయంత్రం దానికి టికెట్ మార్పించుకుని, కాళ్ళు చాపుకుని సమోసా తిన్నాను.

రాయపూర్‌లో బావ ఇనప కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది.

"వచ్చీసినావా? పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నాన్రా. కదల్లేదు."

నా జీవితంలో అంత తీపి మాట ఇంకొకటి వినలేదు. ఆ తీపి ఇంటి గుమ్మం దాకా ఉంది.

గుమ్మంలో అమ్మ మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. చెంబు నన్ను దాటి బావ దగ్గరికి వెళ్ళింది. నాన్న వీధి మొత్తానికీ వినబడేలా, "మనిషంటే అలాగుండాల. రిలీవర్ లేకపోయినా పోస్టు ఒదల్లేదు" అన్నాడు.

"ఫోనెందుకు కట్టీసినావు? ఆయనకి వడదెబ్బ తగిలితే ఏటి చేసీవోడివి?" అని అక్క నా మీద పడింది.

నేను ఎండలో ఉంటే డ్యూటీ, అల్లుడు ఎండలో ఉంటే తపస్సు. కోడికూరలో కాళ్ళు రెండూ బావ కంచంలోకే వెళ్ళాయి. ఒకటి కొరుకుతూ అతను, "ఒదిలీండత్తయ్యా, చిన్నోడు" అన్నాడు. నన్ను క్షమించాడు! రెండేళ్ళు కాపాడుకున్న కక్షతో అతనికి నేనే గుడి కట్టించాను. ఆ రాత్రి కక్ష రెట్టింపైంది. ఇప్పటికీ అలాగే ఉంది. అయినా అతన్ని నిలబెట్టింది నేనేనన్న తృప్తి ఒకటి మిగిలిందనుకున్నాను.

తర్వాతి వారం దుర్గ్ బజార్లో ఆ మీసాలాయన ఎదురయ్యాడు. చేయి పట్టుకుని, లైన్లో దారిచ్చిన పుణ్యాత్ముడివన్నాడు.

"కానీ భాయ్, ఆ విమానం నాకూ అందలేదు. రాత్రి రైల్లో వచ్చాను."

ముద్ర త్వరగానే పడిందట. ఆలస్యమైంది సామాను దగ్గరట. నేను బుద్ధిగా లైన్లో నిలబడినా ఆ విమానం నాకూ అందేది కాదు.

పెట్టె మీద రాయపూర్ చీటీ ఉన్నా సరే, మన దేశంలో మొదట దిగిన ఊళ్ళోనే దాన్ని తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. కాబట్టి రెండు విమానాల మధ్య కనీసం నాలుగు గంటల తేడా ఉండేలా టికెట్ కొనుక్కోవాలి.