గంజి పెట్టిన కొప్పు

లక్ష్మి జుట్టులో దువ్వెన ఇరుక్కుపోయింది. అనసూయ మెల్లగా లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగేసరికి లక్ష్మి "అమ్మో!" అని నెత్తి పట్టుకుంది.

హనుమకొండలో ఆడవాళ్ళకు జుట్టు ముడులు నేర్పే సెంటర్లో అనసూయకు రేపు పరీక్ష. నడినెత్తి మీద పొరలు పొరలుగా లేచి నిలిచే పెద్ద కొప్పు కట్టి చూపాలి. పాసైతే అక్కడే పని ఇస్తామన్నారు. తల అప్పగించి కూర్చునే మనిషిని మాత్రం ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. హసన్‌పర్తిలో పక్కింటి కొత్త కోడలు లక్ష్మికి నడుము దాటిన ఒత్తు జుట్టు. అడగ్గానే సంబరపడి ఒప్పుకుంది. ముందుగా ఒకసారి కట్టి చూసుకుందామని అనసూయ ఇవాళ వాళ్ళింటికే వచ్చింది.

కొప్పు లేచి నిలవాలంటే పాయ పాయనూ కుదుళ్ళ వైపు దువ్వి కావాలనే చిక్కు చేయాలి. ఆ చిక్కు చెదరకుండా సెంటర్లో స్ప్రే కొడతారు. ఇంట్లో స్ప్రే ఎక్కడిది? నూలు చీరలకు పెట్టే గంజి ఉంటే అదే చిక్కగా పట్టించింది అనసూయ. కొప్పు గోపురంలా నిలిచింది. ఆరాక విప్పబోతే జుట్టంతా తాళ్ళలా పేనుకుపోయి ఉంది.

లక్ష్మి వెనక్కి చెయ్యిపెట్టి తడిమింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అక్కా, జడలు గట్టినయా?"

"ఉత్త చిక్కే. ఫికర్ జెయ్యకు" అంది అనసూయ.

లక్ష్మి అత్త సమ్మమ్మకు ఒక ఆడబిడ్డ ఉండేది. ఆమెకు చిన్నప్పుడే జడలు కట్టాయి. ఎల్లమ్మ తల్లి వచ్చిందన్నారు. ఇక చచ్చేదాకా ఆమె తలకు దువ్వెన గానీ కత్తెర గానీ తగలనివ్వలేదు. పెళ్ళి మాటే ఎత్తలేదు.

"మా అత్త అంగడికి వోయింది. అచ్చేలోపు తియ్యక్కా, నీ కాళ్ళు మొక్కుత!"

అనసూయ గోరువెచ్చని నీళ్ళు పోసింది, మంచినూనె రాసింది. వెనక పాయలు ఒక్కొక్కటే వదులవుతుండగా తడక చప్పుడైంది. సమ్మమ్మ చేతిలోని సంచి జారింది. చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించింది.

"తల్లీ! నా ఇంటికి మల్లచ్చినవా?"

"గంజి పెద్దమ్మా! నేనే వెట్టిన."

"ఏండ్ల సంది చీరెలకు గంజి వెడ్తున్న. ఒక్క చీరెకన్న జడ గట్టిందా? దువ్వెన కింద వెట్టు, పోరీ."

లక్ష్మి ఏడుపు అందుకుంది. "నా మీదికి ఎవ్వలు రాలే అత్తా!"

సమ్మమ్మ కోడలి మొహం చూసింది. "సరే. దువ్వెన ముట్టకుండ వేళ్ళతోటి తియ్యి. దీపం వెట్టే యాల్లకు అస్తే గంజి. రాకుంటే తల్లి. మల్ల నువ్వు నా గడప తొక్కద్దు."

అన్నీ విడిపోయాయి, చెవి వెనకదొకటి తప్ప. అన్నింటికీ పెట్టింది ఒకే గిన్నెలో గంజి కదా, ఇదొక్కటే ఎందుకు రావడం లేదు? గంజి కాకపోతే? వాకిట్లో చీకటి ముసురుతోంది. 'వదిలిపెట్టు తల్లీ, దీన్ని వదిలిపెట్టు' అనుకుంది అనసూయ లోలోపల. తను కూడా నమ్మేసిందని అప్పుడు తెలిసింది.

గోరు కింద ఏదో పుటుక్కుమంది. పాయ జారింది. తెల్లటి పొట్టు అరచేతిలో రాలింది. సమ్మమ్మ దాన్ని వేలితో అద్దుకుని వాసన చూసింది.

"గంజే."

దీపం వెలిగించింది గానీ చెప్పులు మాత్రం తొడుక్కోలేదు.

లక్ష్మి కళ్ళు తుడుచుకుని, "రేపు ఏ బస్సుకు పోదమక్కా?" అంది.

"నేను గూడ అస్త" అంది సమ్మమ్మ. "కట్టుడే గాదు, విప్పుడు గూడ నా ముంగటనే."

అనసూయ నేల మీది దువ్వెన తీసుకోబోయింది. అంతసేపు చిక్కు తీసి కొయ్యబారిన వేళ్ళు ముడుచుకోలేదు.