నానమ్మ నూనె, అమ్మ గోలీ

ఇవాళ నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు వాష్‌రూమ్‌లో ఎవరో కొబ్బరినూనె సీసా మూత తీశారు. అంతే, నేను మియాపూర్‌లోని మా పాత కిరాయి ఇంట్లో ఉన్నాను.

నా ఈడు చర్చి పిల్లలూ, గుర్తుందా? శుక్రవారం ఉపవాస కూటం నుంచి పెద్దవాళ్లు ప్రార్థన చేయించి తెచ్చే కొబ్బరినూనె, అదే ప్రార్థన నూనె! మా నానమ్మ దాన్ని నా నుదుటికే కాదు, పరీక్ష అట్టకీ, మొరాయించే మిక్సీకీ కూడా రాసేది. నర్సు ఉద్యోగం చేసే అమ్మకు ఒళ్లు మండేది.

"స్వస్థత వరాలు యేసు పంపిన అపొస్తలులతోనే ఆగిపోయినయి అత్తమ్మా."

"ఆగిపోయినయని దేవుడు నీకు ఫోన్ చేసి చెప్పిండా?"

ఆ వాదన మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తెగలేదు. మా ఇంట్లో మాత్రం ఒక్క సాయంత్రం ఆగింది. నాకు జ్వరం ఎంతకీ దిగలేదు. థర్మామీటర్ చూసిన అమ్మ ముఖం పాలిపోయింది. అలమారాలోంచి నూనె సీసా తీసుకొచ్చి నానమ్మ చేతిలో పెట్టింది.

"అత్తమ్మా, జర ప్రార్థన చెయ్యుండ్రి."

నానమ్మ అప్పటికే మందు గోలీల డబ్బా వెతుకుతోంది.

"చేస్త గానీ, ముందు నువ్వు గోలీ ఇయ్యి. టైమ్ అయింది కదా! నర్సువై ఉండి గిట్ల పరేషాన్ అయితవేంది?"

పొద్దున్నే లేచి నేను పూరీ కావాలన్నాను. ఇద్దరూ పిండి కలుపుతూనే, నా జ్వరం దేనికి దిగిందో తేల్చుకోవడానికి గొంతులు పెంచేశారు. ఆ కొట్లాట వినగానే నాకు పూర్తిగా నయమైందని నమ్మకం కుదిరింది.