పొలం అమ్ముడుపోయేదాకా

నేను తీసేవి డాక్యుమెంటరీలు. ఎవరూ చూడరన్న ధైర్యంతోనే తీస్తామని మాలో మేము నవ్వుకుంటాం. పటాన్‌చెరు అవతల ఒక ఊళ్ళో పాత టైర్లను ఉడికించి, బాయిలర్లలో మండించే నూనె తీసే ఫ్యాక్టరీ ఉంది. దాని మీద తీసినదాన్ని మాత్రం చూశారు. అక్కడ పొలాలు కొనడానికి వచ్చేవాళ్ళు చూశారు.

అందులో మాట్లాడింది ఫ్యాక్టరీ గోడ పక్కనే పొలం ఉన్న రైతు భార్య. నేను చిన్నమ్మా అని పిలుస్తాను. మసి పడుతుందని ఆమె బట్టలు ఇంట్లోనే ఆరేసుకుంటుంది. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఎడిటింగ్‌లో ఆ ఆగడాలన్నీ అలాగే ఉంచాను. "కంపిని గాదు బిడ్డా, కంపు" అని ఆమె నవ్విన చోట చూసేవాళ్ళు కూడా నవ్వేవారు.

యూట్యూబ్‌లో పెట్టిన కొన్నాళ్ళకు ఆమె భర్త బీరంగూడలో మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"జెర ఆ సినిమా తీసెయ్యి బిడ్డా. పొలం సూడనీకి వచ్చినోళ్లు ఫోన్ల గదే సూస్కుంట మర్లి పోతున్నరు."

"అబద్ధం ఏం చూపించిన కాకా?"

"నిజమే సూపిచ్చినవ్. గదే పరేషాన్. డాక్టరేమో మీ చిన్నమ్మను ఊరిడిసి తీస్కపొమ్మంటుండు. పొలం అమ్ముడువోతెనే గద పోయేది?"

ఆయన ఎదుటే తీసేశాను. ఆయన వెళ్ళాక ఏడుపొచ్చింది.

కొంతకాలానికి బేరం కుదిరిందని ఆయనే ఫోన్ చేశాడు. నారాయణఖేడ్ దిక్కు కిరాయికి ఇల్లు కూడా చూశాడట. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

ఆ వారంలోనే ఎవరో ఒకావిడ ఫోన్ చేసింది. "మేడం, మీరు ఆ ఊళ్ళో ఏదో సినిమా తీశారట కదా, ఎంత వెతికినా దొరకలేదు. అక్కడ ఫ్యాక్టరీ పక్కన పొలం కొని ఇల్లు కట్టుకుందామనుకుంటున్నాం. మా బాబుకు పిల్లికూతలు. సిటీ పొగ పడటం లేదు. అక్కడ గాలి బాగుంటుందా?"

వెనకాల పిల్లాడు దగ్గుతున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెప్తున్నంతసేపూ చిన్నమ్మ ముఖమే కళ్ళముందు మెదిలింది. ఫోన్ పెట్టేసి నన్ను నేను తిట్టుకున్నాను. చెప్పకపోయినా తిట్టుకునేదాన్నే.

బేరం పోయింది. మొహం చెల్లకపోయినా వెళ్ళాను. కాక తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. చిన్నమ్మ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి కూర్చోమని చేత్తో సైగ చేసింది. మాట్లాడే ఓపిక లేదు. కాక చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

"ఆ పోరని సంగతి నాకు గూడ చెప్పిన్రు. నువ్వు చెప్పుడే మంచిగైంది," అన్నాడు. "ఇగ నీ సినిమా మల్ల పెట్టుకో బిడ్డా. మేం ఏడికి పోతలేం."