ప్రతి పేజీ నెత్తినా తాత

మా మామ బోరు మోటర్లు బాగుచేస్తాడు. నారాయణఖేడ్‌లో ఆయన దుకాణానికి వెబ్‌సైట్ చేసింది నేనే. ఎండలు ముదిరి మోటర్లు కాలే కాలం వచ్చింది. మామకు ఏడాదంతా నడిచేది దీని మీదే. ఫోన్ మాత్రం మోగడం లేదు. కారణం ఆయనకు వెంటనే తెలిసిపోయింది: బస్ డిపో పక్కన మోటర్లు బాగుచేసే ఇంకో దుకాణంవాడు నన్ను కొనేశాడు.

"నిన్న వాని దగ్గర చాయ్ తాగినవట."

"తాగిన మామా. చక్కెర ఎక్కువేసిండు."

"గదే. ఊకెనే ఎవడన్న ఎక్కువేస్తడా?"

నన్ను కొనడానికి చాయ్ సరిపోతుందని ఆయన నమ్మడం కొంచెం నొప్పించింది. ఆయన ఎదుటే మోటరు రిపేరు కోసం ఫోన్‌లో వెతికాను. మా సైటే వచ్చింది, కానీ తెరుచుకున్నది రిపేరు పేజీ కాదు. మీసాలతో మా తాత, అంటే మామ వాళ్ల నాన్న, ఫొటో. ఆయన పోయి ఏళ్లయింది. దుకాణం గోడ మీదైనా సైట్‌లోనైనా ఆయన ఫొటోకు దండ వేస్తే దుకాణం మూసినట్టుంటుందని మామ వేయనివ్వలేదు. ఆ పేజీలో తాత మంచితనం బోలెడంత ఉంది, ఫోన్ నంబరు లేదు.

మామ గొంతు తగ్గించాడు. "పోయినోళ్లను ముందటికి తెచ్చిండ్రంటే ఎవడో ఏదో చేయించిండు. బోరంచ గుడికి పోయి అమ్మవారికి మొక్కొద్దాం పా."

చేయించింది ఆయనే. ఫ్లెక్సీ కొట్టించినా పెండ్లిపత్రిక వేయించినా మా ఇంట్లో పైన తాత ఉండాలి. వెబ్‌సైట్‌కూ అదే నియమం పెట్టాడు. ప్రతి పేజీ నెత్తినా తాత ఫొటో, నొక్కితే తాత పేజీ. రిపేరు పేజీకి దారి మాత్రం ఎక్కడో లోపల, ఒకే ఒక్కటి. వెతికే యంత్రం, అంటే సెర్చ్ ఇంజిన్, పేజీలోని మాటలతో పాటు, ఏ పేజీ వైపు ఎన్ని పేజీలు వేలు చూపిస్తున్నాయో కూడా చూస్తుంది. మావన్నీ తాతనే చూపిస్తున్నాయి. ఇంటిపెద్ద ఈయనే అనుకుంది.

"అంటే మా నాయినను తీసెయ్యమంటవు. గీ మాట ఆ డిపో కాడోడే చెప్పిండా?"

"నేను తియ్య మామా. తాతతోటే పని చేయిద్దాం."

తాత ఫొటో కింద 'మోటరు కాలిందా? ఇటు రండి' అని రిపేరు పేజీకి దారి పెట్టాను. మిగతా పేజీల పైనా అదే పెట్టాను. మామ అంతసేపూ నా వేళ్లనే కాపలా కాశాడు.

కొన్నాళ్లకు కల్హేర్ నుంచి ఫోన్ వచ్చింది. నేనే ఎవరితోనో ఫోన్ చేయించానేమోనని మామ స్పీకర్ పెట్టాడు.

"మోటరు కాలింది. గా మీసాల పెద్దమనిషినే తోలియ్యి. మొఖం చూస్తెనే పనోడని తెలుస్తుంది."

మామ గోడ మీది తాతను చూశాడు. తర్వాత నన్ను, అనుమానంగానే.

"ఆయన దూరం పోయిండు," అన్నాడు ఫోన్‌లో. "నేను వస్తున్న."