తాయిఫ్‌లో సంతకం, ఊపని కప్పు

పెళ్లయిన పదో రోజున అరబ్బుల దేశంలో, రాస్ తనూరాలో ఉద్యోగానికి వచ్చిపడ్డాను. ఆ వెంటనే యుద్ధం, సెలవులన్నీ రద్దు. గ్యాస్ మాస్కు పక్కన పెట్టుకుని పెళ్లాం ఉత్తరాలు చదువుకున్నవాణ్ణి నేను.

యుద్ధం అయ్యాక వేసవిలో సెలవు దొరికింది. శుక్రవారం జెద్దా నుంచి విమానం. తీరా చూస్తే, నన్ను దేశం దాటనివ్వడానికి సంతకం పెట్టాల్సిన మా కఫీల్, అంటే మా కంపెనీ యజమాని, చల్లదనం కోసం తాయిఫ్ కొండలెక్కి కూర్చున్నాడు. గతంలో ఒకసారి ఆయన దగ్గర గొంతు పెంచితే నవ్వి, "బుక్రా" అన్నాడు. రేపు అని అర్థం. ఆ రేపు రావడానికి నెల పట్టింది.

అందుకే అరబ్బీ బాగా వచ్చిన మా ఆఫీసు బాషాను, కడప మనిషిని, బతిమాలి వెంట తీసుకుపోయాను. మంగళవారం మధ్యాహ్నం దమ్మాంలో బస్సెక్కాం. రియాద్‌లో కుబ్బూస్ రొట్టె, కోడికూర తిని బస్సు మారాం. దారిలో నమాజుకు ఆగిన ప్రతిసారీ నేను వాచీ చూసుకునేవాణ్ణి. ముందు సీటు పాకిస్తానీ పెద్దాయన జాలిపడి, "సబర్ కరో బేటా, తాయిఫ్ కహీఁ భాగ్ నహీఁ రహా" అన్నాడు. తాయిఫ్ పారిపోదు సరే, నా విమానం ఆగుతుందా?

బుధవారం పొద్దున తొమ్మిదింటికి కఫీల్ ఇంట్లో తివాచీ మీద కూర్చున్నాం. ఆయన సంతకం చూసి ముద్ర వేసే పాస్‌పోర్టు ఆఫీసు మధ్యాహ్నం దాకానే, ఆపై రెండు రోజులు సెలవు. కఫీల్ తమ్ముడు పొడుగు కొమ్ము చెంబుతో వచ్చి చిన్న కప్పులో యాలకుల గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోశాడు. చేదు. మర్యాద తొందరగా ముగిస్తే పని మొదలవుతుందని ఒక్క గుక్కలో తాగి కప్పు చాపాను. మళ్లీ నింపాడు. నేను ఎంత తొందరగా తాగితే ఆయన అంత తొందరగా పోస్తున్నాడు. ఇచ్చింది వదిలెయ్యకూడదని చిన్నప్పటినుంచీ నేర్పారాయె!

బాషా మాత్రం ఒక్క కప్పుతో ఆగి, ఒంటెల గురించీ వానల గురించీ కబుర్లాడుతున్నాడు. నా పని సంగతి ఎత్తడే! నోరు తెరుద్దామంటే నోటినిండా గహ్వా. పదకొండు దాటాక కఫీల్ నావైపు తిరిగి ఏం పని మీద వచ్చానని అడిగాడు. బాషా నా పది రోజుల కాపురం కథ చెప్పాడు. ఆయన పగలబడి నవ్వి, "ముందే చెప్పొద్దా?" అంటూ సంతకం పెట్టాడు. పరిగెత్తాం. ముద్ర పడింది.

బయటికొచ్చాక బాషా అన్నాడు: "కప్పు అటూ ఇటూ ఊపితే చాలని అర్థమన్నా. ఊపకుంటే పోస్తానే ఉంటారు."

"మరి చెప్పవేం?"

"చెప్తే నీ నోరు ఖాళీ అయితాది కదన్నా. అయితే మళ్లీ బుక్రానే."

తిట్టబోయి నవ్వేశాను. పైగా జెద్దాకు మక్కా మీదుగా దగ్గర దారిలో తాను పోగలిగినా, ముస్లింను కాని నాకు అక్కడ ప్రవేశం లేదని చుట్టుదారిలో నాతోనే వచ్చి విమానాశ్రయంలో దింపాడు.

బొంబాయిలో దిగి, రైళ్లు మారి, సోమవారం పొద్దున తణుకులో మా అత్తవారింటికి చేరాను. జన్మలో కాఫీ ముట్టనని దారి పొడుగునా ఒట్లు పెట్టుకున్నాను. మా ఆవిడే స్వయంగా కాఫీ గ్లాసు తెచ్చింది. తాగేదాకా అక్కడే నిలబడింది.

"ఇంకాస్త పొయ్యనా?" అంది. ఇన్నాళ్ల తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట.

గ్లాసు చాపాను. ఊపలేదు.