కుడి చెయ్యి, నౌపడ వైపు

ఇలా కూర్చో. ఆ ఫోన్ పక్కన పెట్టి, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నవ్వకు, ఇది నవ్వే సంగతి కాదు.

మీ అక్క చిన్నప్పుడు దానికి కుడి, ఎడమ నేర్పింది నేనే. పిల్లలకి అన్నం తినే చెయ్యి కుడి అని చెబుతాం కదా, అదేమో ఎడం చేత్తో తినేది. అందుకని రోజూ అరుగు మీద సముద్రం వైపు తిప్పి కూర్చోబెట్టి, మనూరికి ఆ వైపూ ఈ వైపూ ఉన్న ఊళ్ళ పేర్లతో, "నౌపడ కాసి ఉన్నది కుడి సెయ్యి, ఇచ్ఛాపురం కాసి ఉన్నది ఎడం సెయ్యి" అని చెప్పించేదాన్ని. తడుముకోకుండా చెప్పేది.

ఒకరోజు పొద్దున్నే ఇద్దరం ఎండుపుల్లల కోసం జీడితోటలోకి వెళ్ళాం. సముద్రం మా వెనక, కొండలు ముందు. అది ముందు నడుస్తోంది. ఇంతలో మంచు కమ్మేసింది, పిల్ల కనబడలేదు. దానికి ఎడం పక్కనే పాత నుయ్యి. గట్టు లేదు, చుట్టూ గడ్డి. నుయ్యి అంటే బెదిరి పరిగెడుతుందని ఆ మాట ఎత్తకుండా, "ఓలె గుంటా, నీ కుడి కాసి జరుగు!" అని కేకేశాను.

ఎండుటాకులు కరకరమన్నాయి. చప్పుడు నుయ్యి వైపే పోతోంది. మళ్ళీ కరకర.

"ఆగే! అడుగెయ్యకు! కుడి కాసి అన్నాను కదే!"

"కుడి కాసే ఎల్తన్నాను మామ్మా! నౌపడ కాసి!"

అరుగు మీద నేర్చుకున్న కుడి అది. మనం వెనక్కి తిరిగితే కుడి కూడా మనతో తిరుగుతుందని దానికి తెలీదు. నేనే దాని దగ్గరికి వెళ్దామంటే దారి కనబడదు.

"కదలకు. సముద్రం హోరు ఏ కాసి ఇనబడతంది?"

"ఈ సెవిలోకి."

"ఏ సెవైతే ఏటి, ఆ కాసి తిరుగు. హోరు మొకం మీదకి వచ్చాక నడు."

ఆ అడుగులు నా దగ్గరికి వచ్చేదాకా చెయ్యి చాపుకునే నిలబడ్డాను. దాని చెయ్యి అందగానే పట్టుకుని ఏడ్చేశాను. అదేమో నామీదే విసుక్కుంది, "సెప్పినట్టే ఎల్లాను కదా, ఎందుకేడుత్తన్నావు?" అని.

తర్వాత ఆ నూతికి గట్టు కట్టించారు. గానీ తోటల్లో అలాంటివి ఇంకా ఉన్నాయి. రేపు నువ్వు స్నేహితులతో తోటకి వెళ్తానన్నావు, అప్పట్నుంచీ నాకు గుండె దడే. అందుకే పిలిచాను. తల ఎత్తకుండా చెప్పు, ఇప్పుడు సముద్రం నీకు ఏ పక్క ఉంది?

"అత్తా! అన్నం సల్లారిపోతంది, రండి!"

అదిగో మీ అమ్మ. వత్తన్నానే! నువ్వు లేవకు, ఇది కూడా చెప్పు, ఇప్పుడు నువ్వు వెనక్కి తిరిగి కూర్చుంటే నీ కుడి చెయ్యి ఏ ఊరి వైపు ఉంటుంది?