ఓడెక్కించే ముందు పది రోజులు

మా పక్కింటి కాంపౌండరు గారు పోయారని పాస్టరు గారు ఫోన్ చేసినప్పుడు నేను ఒంగోలులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన జీవితం చివర్లో అడిగింది ఒకే ఒక్కటి. అది కూడా జరక్కుండానే వెళ్లిపోయారు.

ఆయన పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. మా వైపు పత్తి తీసేశాక ఆ చేలల్లో గొర్రెల్ని మేపుతారు. ఏ గొర్రెను తీసుకొచ్చినా ఆయన ముందు దాని ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి చూసేవారు. "రోగం సంగతి తర్వాతరా, ముందు ఇది తిన్నదా లేదా చెప్పు" అని గదమాయించేవారు. బడిలో పాఠాలు చెప్పొచ్చి నేను వెళ్లినా అదే వరస. తినలేదని నోరు జారితే కంచం ముందు కూర్చోవలసిందే.

రిటైరయ్యాక ఒక ఎగుమతి కంపెనీ, గల్ఫుకు వెళ్లే గొర్రెలను చూసుకోమని ఆయన్ను ఓడెక్కించింది. ఒక్కసారే వెళ్లారు. అక్కడేం జరిగిందో వచ్చిన చాలా రోజులకు గానీ నాతో చెప్పలేదు.

"తొట్లనిండా గుళికల దాణా ఉంది మాస్టారూ. పుట్టిందగ్గర్నించీ చేలో ఆకు మేసిన జీవాలు కదా, అది తిండని వాటికేం తెలుసు? దాణా ముందే నిలబడి ఆకలితో చచ్చిపోయాయి. పొద్దున్నే లేచి సముద్రంలోకి తోసెయ్యడమే నా పనైపోయింది."

ఓడెక్కించే ముందు పది రోజులు ఒడ్డునే ఉంచి దాణా అలవాటు చెయ్యాలి, తినని దాన్ని ఎక్కించకూడదు. ఆయన అడిగింది ఇంతే. అర్జీలు నేనే రాసిపెట్టేవాణ్ణి. ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకు పంపేవాళ్లు. చివరికి ఒక జవాబొచ్చింది, టీకాల పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయట! టీకాల గురించి ఎవరడిగారు?

ఆయన మాత్రం, "వాళ్ల ఫారంలో తిండి సంగతి రాసే చోటే లేదు, పాపం. ఇంకోటి రాద్దాం మాస్టారూ" అన్నారు. కిందటి నెల మళ్లీ అడిగారు. "ఎవరు చదువుతారండీ?" అని విసుక్కున్నాను. ఆ మాటన్నందుకు ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

సమాధి దగ్గర్నించి వస్తుంటే రైల్వే గేటు పడింది. మా ఆటో ముందు గొర్రెల లారీ. పోర్టుకే వెళుతోందట. దిగి, వీటికి దాణా అలవాటు చేశారా అని డ్రైవర్ని అడిగాను.

"ఓడెక్కాక ఆకలేస్తే అవే తింటాయిలెండి" అని నవ్వాడు.

లారీ వెనక ఒక గొర్రె చెక్కల సందులోంచి మెడ సాచి, రోడ్డు వార ఉన్న పత్తి చెట్టు కొమ్మను పట్టుకుంది. గేటు లేచింది. లారీ కదిలినా అది కొమ్మను వదల్లేదు. కొమ్మ విరిగి దానితోపాటే వెళ్లిపోయింది.